ఆ బుర్ర ఇంకా తయారవుతోంది

సంపాదకులకు,

ఐదేళ్ల పిల్లలకు మెమరీ కోర్సులంటూ వచ్చే ప్రకటనలు చూస్తే నవ్వొస్తోంది. మెదడులో కొత్త జ్ఞాపకాలను కూర్చే హిప్పోక్యాంపస్ అనే భాగం పుట్టాక కూడా కొన్నేళ్లు ఎదుగుతూనే ఉంటుంది. మనలో చాలామందికి 3 ఏళ్లలోపు సంగతులు గుర్తుండకపోవడానికి అదొక కారణం. (ఉయ్యాల్లో పడుకున్నది గుర్తుందనే మా తమ్ముడు ఒప్పుకోడనుకోండి!) నుదుటి వెనకుండే మెదడు భాగం, ప్రీఫ్రంటల్ కార్టెక్స్, ఎదగడంలో మరీ నిదానం. వాడని నాడీబంధాలు తగ్గుతూ, నాడీతంతువులకు మైలిన్ అనే కొవ్వు పొర పడుతూ అది 20 ఏళ్లు దాటాక కూడా మారుతుంటుంది. చదివింది పద్ధతిగా పేర్చుకోవడం, ఫలానా మాట ఎవరు, ఎప్పుడు చెప్పారో వెతికి పట్టుకోవడం చాలావరకు దాని సాయంతోనే జరుగుతాయి. పిల్లాడు కథంతా చెప్పి, ఎవరు చెప్పారంటే తెల్లమొహం వేస్తే టెన్షన్ ఎందుకు? బళ్లో, ఇంట్లో బట్టీ కొట్టించడం కాస్త తగ్గించి కంటినిండా నిద్రపోనివ్వండి. నేర్చుకున్నది స్థిరపడడానికి నిద్ర బాగా సాయపడుతుంది.

– ఒక పాఠకురాలు