ఆ చెయ్యి మునగకుండా నిలబెట్టినవాళ్ళకి

మా బొమ్మల సినిమా పూర్తయింది. నిడివి రెండు నిమిషాల లోపే. చూసినవాళ్ళలో చాలామంది "ఇదంతా నువ్వొక్కదానివే గీశావా?" అని అడుగుతున్నారు. లేదండీ. ఒక్కదాన్నే అయితే ఈపాటికి ఆ కాగితాలు అటకెక్కి ఉండేవి. అందుకే ఈ పోస్టు. పేర్లు రాయొద్దన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి పేర్లు లేకుండా, ఎవరికి వాళ్ళు గుర్తుపట్టేలా రాస్తున్నాను.

ఇంకా చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది 'బాహుబలి' రెండు భాగాల మీద అభిమానంతో చేత్తో గీసిన యానిమేషన్. 2015 జులైలో మొదటి భాగం వచ్చినప్పుడు అందరూ జలపాతం గురించీ, యుద్ధం గురించీ మాట్లాడుకున్నారు. నేను మాత్రం శివగామి దగ్గరే ఆగిపోయాను. తను మునిగిపోతూ కూడా పసిబిడ్డని ఒంటిచేత్తో నీళ్ళపైకి ఎత్తి పట్టుకుంటుంది చూడండి, అక్కడ. ఏటిగట్టు పక్కన పెరిగినవాళ్ళకి ఆ షాటు ఇంకోలా తగులుతుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే చాలు, మా లంకల్లోవాళ్ళు ఏది ముందు నెత్తికెత్తుకోవాలో లెక్కలేసుకుంటారు. సినిమాలో ఆ చెయ్యి కనిపించేది కాసేపే. ఆ కాసేపూ ఏరు ఏం చేసి ఉంటుందన్నదే మా బొమ్మ. మాహిష్మతి ఏరు ఎలా ఉంటుందో మాకేం తెలుసు? తెలిసిన వశిష్ఠనే, మా ఊరి పక్క గోదావరి పాయనే గీశాం. ఎర్రనీరు, కొట్టుకొచ్చే గుర్రపుడెక్క, అరటి బోదెలు.

'బాహుబలి' మీద 2017లోనూ 2024లోనూ అధికారికంగానే యానిమేషన్ సిరీస్‌లు వచ్చాయి. మాది వాటి పక్కన నిలబెట్టుకోడానికి కాదు. పాత్రలు రాజమౌళిగారి బృందానివి. మేం దీనిమీద పైసా సంపాదించడం లేదు, సినిమా సంగీతంలో ఒక్క ముక్క కూడా వాడుకోలేదు.

ముందుగా, హైదరాబాద్‌లో యానిమేషన్ పని చేసే అక్కకి. ముక్కూ మొహం తెలియని నాకు ఫోన్లోనే పాఠం చెప్పింది. సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకి 12 బొమ్మలు, నిమిషానికి 720. అది వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. "అన్నీ కొత్తవి గియ్యక్కర్లేదే, నీళ్ళని తిప్పి తిప్పి వాడుకోవచ్చు" అని ధైర్యం చెప్పింది తనే. అసలు చిక్కు చేతితో వచ్చింది. చెయ్యి కదలకూడదు, కానీ బతికున్నట్టు కనబడాలి. ఒకే బొమ్మని అలా ఆపేస్తే కర్రముక్కలా ఉంది. అదే బొమ్మ మీద ఇంకో కాగితం వేసి మళ్ళీ మళ్ళీ దిద్ది, ఆ కాగితాల్నే వరసగా మార్చమంది. ఏ రెండుసార్లు దిద్దినా గీత అచ్చంగా ఒకేలా పడదు కదా, తెరమీద అది సన్నగా వణుకుతుంది. బరువు మోస్తున్న చేతికి ఆ వణుకు భలే కుదిరింది.

మా వీధి వడ్రంగి బాబాయ్‌కి. కింద నుంచి వెలుతురొచ్చే బల్ల కొనాలంటే నా వల్ల కాదు. మిగిలిపోయిన చెక్కతో చట్రం కట్టి, గరుకు అద్దం బిగించి, లోపల ఎల్‌ఈడీ పట్టీ అతికించి ఇచ్చాడు. కాగితాలు జరక్కుండా పట్టుకునే మేకుల సంగతి ఇంకా బావుంది. ఆఫీసుల్లో ఫైళ్ళకి కన్నాలు పొడిచే మామూలు పంచింగ్ మెషిన్ కన్నాల మధ్య దూరం 80 మిల్లీమీటర్లు, కన్నం వెడల్పు 6. దానికి సరిపడా రెండు ఇత్తడి మేకులు లేత్ షాపులో తిప్పించి తెచ్చాడు. ఏ మాత్రం వదులున్నా తెరమీద బొమ్మ గంతులేస్తుందని చెప్పానంతే, ఆకురాయి పట్టుకుని కూచున్నాడు. కాస్త అరగదీయడం, కాగితం దించి చూడడం, మళ్ళీ అరగదీయడం. చివరికి కాగితం టక్కుమని దిగి ఇక కదల్లేదు. డబ్బులు అడిగితే, "ఆయ్, ఇదో పనేంటమ్మా" అన్నాడు. పనే బాబాయ్.

ఇంత చేసినా ముసురు పట్టేసరికి కాగితాలు మాట వినలేదు. కాగితం తేమకి సాగుతుంది. అదీ అన్నివైపులా సమానంగా కాదు, కాగితంలో నారకి అడ్డంగా ఎక్కువ. నిన్న గీసినదాని మీద ఇవాళ గీసింది కూర్చోదు. మా అత్తయ్యగారు బీరువాలో పట్టుచీరల అర ఖాళీ చేసి, కాగితాలు పెట్టించి, పాత గుండు బల్బు ఒకటి లోపల వెలిగించారు. కొత్త బల్బులు పనికిరావు, వాటికి వేడి చాలదు. చీరలు మాత్రం శ్రావణమాసం అంతా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఆ సంగతి ఆవిడ ఇప్పటికీ ఎత్తుతూనే ఉంటారు.

ఇక రేవులో తాతగారు. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పడవల మీదే జీవితం గడిపిన మనిషి. నేను గీసిన నీళ్ళు చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "చెరువులో నీళ్ళు గీశావమ్మా, ఇది ఏరు కదా" అన్నారు. పడవ ఎక్కించి, పారేచోట గెడ నిలువుగా దించి పట్టుకున్నారు. "చూడు. ఎదురు వైపు నీళ్ళు గెడమీదకి ఎగబాకుతాయి. వెనకపక్క గుంట పడుద్ది. ఆ గుంటలోంచి సుడులు బయల్దేరతాయి, రెండూ ఒక్కసారి రావు. కుడి పక్కది వదిలాక ఎడమది. మళ్ళీ కుడి." నిజంగా అలాగే వస్తున్నాయి! చిన్నప్పట్నుంచీ ఆ రేవులో తిరిగి కూడా నేనెప్పుడూ గమనించలేదు. ఆ సుడులు రెండూ ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయని కూడా ఆయనే గడ్డిపరకలు వేసి చూపించారు. శివగామి మణికట్టు చుట్టూ మీరు చూసిన నీళ్ళు ఆ గెడ చుట్టూ తిరిగినవే. 1986 ఆగస్టు వరద మాటలు కూడా చెప్పారు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి వెళ్ళిన వరద అది. అవి రాస్తే ఇంకో పోస్టు అవుతుంది.

ఇంకో మాట. "గట్టు పక్కన గుర్రపుడెక్క ఎగువకి పోతోంది, తప్పు కదా?" అని కొందరు అడిగారు. రంగులద్దిన ఏడో తరగతి పిల్లాడు కూడా ముందు అదే అన్నాడు. తప్పు కాదు. గట్టు ముందుకి పొడుచుకొచ్చిన చోట, దాని దిగువన నీళ్ళు వెనక్కి తిరుగుతాయి, తేలేవన్నీ కాసేపు ఎదురెళ్ళి మళ్ళీ ప్రవాహంలో కలుస్తాయి. తాతగారే పెట్టించారు దాన్ని. నమ్మకపోతే వరదల్లో రేవుకి రండి.

చేపలు తెచ్చే అక్కకి ప్రత్యేకంగా. నేను గీసిన చెయ్యి చూసి, "ఇది గాజులేసుకునే చెయ్యి, బిడ్డని మోసే చెయ్యి కాదు" అనేసింది. అంతటితో ఊరుకోలేదు. గంప దించి, మనవరాల్ని అరచేతిమీద కూర్చోబెట్టుకుని ఒంటిచేత్తో పైకెత్తి నిలబడింది. ఎత్తగానే మణికట్టు వెనక్కి వంగింది, బొటనవేలు పక్కకి విచ్చుకుంది, మోచేతి కింద నరాలు తేలాయి. ఆ పిల్ల నవ్వడం ఆపలేదు. గబగబా గీసుకున్నాను. సినిమాలో రమ్యకృష్ణ చెయ్యి ఎలా ఉందో మళ్ళీ చూసుకోలేదు, మా శివగామి చెయ్యి ఇక ఈ అక్కదే.

జిరాక్స్ షాపు అన్నయ్య కొట్టు కట్టేశాక స్కానర్ నాకు వదిలేసేవాడు. స్కానర్ మూతకి నల్ల కాగితం అతికించమని చెప్పింది కూడా అతనే. అప్పుడు కన్నాలు రెండూ నల్లచుక్కల్లా పడతాయి, కంప్యూటర్లో ఆ చుక్కల్ని ఒకదానిమీద ఒకటి పెట్టేస్తే సరి. ముఖ్యమైన బొమ్మలకి మధ్యలో వచ్చే బొమ్మలు గీసిన ఇంటర్ అమ్మాయిలకీ, రంగులద్దిన పిల్లలకీ, సర్దిపెట్టిన మా తమ్ముడికీ థాంక్స్.

మా బొమ్మకి వాయించిన గరగల (జాతరల్లో అమ్మవారి గరగలు నెత్తిన పెట్టుకుని ఆడే ఆట) డప్పు కళాకారులకి వాళ్ళడిగినంతా ఇచ్చాం. అది వాళ్ళ పని, దాన్ని సాయం అని రాస్తే బావుండదు. సాయం ఏంటంటే, వాయించేసి వెళ్ళిపోకుండా బొమ్మని ఫోన్లో చూసి, చెయ్యి కాస్త కిందికి జారే చోట దెబ్బలు తగ్గించి, మళ్ళీ మొదట్నుంచి వాయించారు. అక్కడ రేవులో రికార్డు చేసిన నీళ్ళ చప్పుడొక్కటే మిగులుతుంది. ఆ ఆలోచన నాది కాదు, వాళ్ళది.

నీడలు, మెరుపులు ఎందుకు వెయ్యలేదని అడిగినవాళ్ళకి జవాబు ఒకటే. ఏరు దాటితే నరసాపురం, బాపుగారు పుట్టిన ఊరు. ఆ బొమ్మలు చూస్తూ పెరిగినదాన్ని, గీత మీదే భారం వేశాను.

కాగితాలు ఎవరు గీసినవి వాళ్ళకి ఇచ్చేస్తున్నాను, పిల్లలు ఆదివారం వచ్చి తీసుకెళ్ళండి. లైటు బల్ల కొలతలు కావాలంటే అడగండి, ఫోటో తీసి పెడతాను. రేవు తాతగారు మాత్రం ఇంకా చూడలేదు. ఫోన్లో చూడరట. "ఏరుని అంత చిన్న తెరమీద చూడ్డమేంటమ్మా" అంటున్నారు. రాజోలు చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా ప్రొజెక్టర్ ఉంటే, ఒక్క సాయంత్రానికి ఇవ్వగలిగితే మెసేజ్ చెయ్యండి. దుప్పటీ, మడతకుర్చీలూ మావే.