బీట్ పల్ప్ సంచి మీద స్లిప్పు: తప్పు నాదే

బెజవాడ వన్‌టౌన్‌లో మా కొట్టు దగ్గర గుర్రాల దాణా తీసుకునే వాళ్లందరికీ నమస్కారం. పోయిన నెల నుంచి బీట్ పల్ప్ (చక్కెర దుంప పిప్పి) పట్టుకెళ్లిన వాళ్లు ముందు సంచికి కుట్టిన తెల్ల స్లిప్పు చింపేయండి. ‘అరగంట నానబెట్టి పెట్టండి’ అని ఉంటుంది. ఆ మాట ఈ సరుకుకి పనికిరాదు.

ఇదివరకు నాకు తురుములాంటి సరుకు వచ్చేది. నీళ్లు పోసిన అరగంటకో గంటకో మెత్తబడేది. ఈసారి పెల్లెట్లు, అంటే గట్టిగా నొక్కిన గుళికలు, వచ్చాయి. సరుకు మారినా పాత స్లిప్పులే కుట్టించాను, అచ్చు వేయించినవి ఇంకా కట్టలు మిగిలాయి కదా అని. కక్కుర్తి అనండి, బద్ధకం అనండి, పడతాను.

గుంటూరు నుంచి వచ్చే ఒక పెద్దాయనకు పెళ్లి ఊరేగింపులకు తిప్పే ఆడగుర్రం ఉంది. ముహూర్తం తొందరలో స్లిప్పు చూసి అరగంటే నానేశారు. పైకి మెత్తగానే ఉంది, లోపల గట్టిగా ఉండిపోయింది. కాస్త తినేసరికే గుర్రం మెడ ముందుకు చాచి గుటకలు వేయడం మొదలుపెట్టింది. కాసేపటికి ముక్కుల్లోంచి నురగ, అందులో నమిలిన మేత. ఎవరో సీసాతో నీళ్లు పట్టబోతే డాక్టరు గారు ఫోన్లోనే గట్టిగా అరిచి ఆపారు. మేత అడ్డుపడింది అన్నవాహికలో, గాలిగొట్టంలో కాదు. కాబట్టి ఊపిరి ఆడుతూనే ఉంటుంది. పైనుంచి నీళ్లో నూనో పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తాయి. మేత, నీళ్లు రెండూ తీసేసి, గుర్రాన్ని కంగారు పెట్టకుండా డాక్టరు వచ్చేదాకా ఆగడమే మన పని. ఆయన వచ్చి మత్తిచ్చి, ముక్కు గుండా గొట్టం వేసి కడిగారు. గుర్రం దక్కింది. డాక్టరు ఖర్చు నేను ఇచ్చుకున్నాను. ఆ రాత్రి పోయిన బేరం డబ్బులు కూడా ఇస్తానన్నాను, పెద్దాయన తీసుకోలేదు.

ఆ మర్నాటి నుంచి ‘బీట్ పల్ప్ పెడితే గుర్రం పొట్ట పగిలిపోతుందట’ అని ఫోన్లు. అలా పగలదు. భయపడాల్సింది గొంతు దగ్గరే. సరుకులో దోషం లేదు. మనం కూర వండుకునే ఎర్ర దుంప కాదిది, చల్లటి దేశాల్లో చక్కెర తీసే తెల్ల దుంప పిప్పి. ఉయ్యూరులో చెరకు ఆడాక మిగిలే పిప్పిలా కాదు, దీని పీచు గుర్రానికి బాగా అరుగుతుంది. పళ్లు అరిగిపోయిన ముసలి గుర్రాలకు దీన్ని మించింది నా కొట్టులో లేదు. దీంట్లో కాల్షియం ఎక్కువ, భాస్వరం తక్కువ. గోధుమ తవుడు సరిగ్గా దానికి ఎదురు, అందుకే రెండూ కలిపి పెడితే మంచిది.

మొన్న కొట్టులో స్టీలు గ్లాసులో పావు వంతు పెల్లెట్లు వేసి నిండా నీళ్లు పోశాను. టిఫిన్ చేసి వచ్చేసరికి నీళ్లు కనపడలేదు, మధ్యాహ్నానికి పిప్పి గ్లాసు అంచు దాటి బల్ల మీదికి పొంగింది. అదే లెక్క పెట్టుకోండి: ఒక డబ్బా పెల్లెట్లకు మూడు నాలుగు డబ్బాల నీళ్లు, ఆరు గంటలు. గడియారం కంటే చేతిని నమ్మండి. అడుగు నుంచి గుప్పెడు తీసి నలిపితే ఎక్కడా పలుకు తగలకూడదు. ఉలవలు నానేయకుండా ఏనాడైనా పెట్టామా? పశువుల దాణాలా కనపడేసరికి దీన్ని అలాగే పోసేయొచ్చు అనిపిస్తుంది, అంతే. (మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా, పశువుల దాణా మాత్రం గుర్రానికి పెట్టొద్దు. కొన్నిట్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు, గుర్రానికి అది విషం.)

ఆరు గంటలన్నానని రాత్రి నానేసి మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంచకండి. మన బెజవాడ ఎండకి పులిసిపోతుంది. పొద్దున నీడలో నానేసి సాయంత్రం పెట్టండి. పుల్లటి వాసన వస్తే పారబోయండి, మిగిలింది రేపటికి దాచొద్దు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎండు తూకంలో 200 గ్రాములతో మొదలుపెట్టి, వారం పది రోజుల్లో మెల్లగా పెంచండి. గడ్డి మానేయకండి.

పాత స్లిప్పు ఉన్న సంచి విప్పినా సరే వెనక్కి తెచ్చేయండి, డబ్బు ఇచ్చేస్తాను. ఉంచుకుంటామంటే కొత్త స్లిప్పు ఇస్తాను. ఇక తురుముకి పచ్చ స్లిప్పు, పెల్లెట్లకి ఎర్ర స్లిప్పు.

పెద్దాయన నిన్న వచ్చారు. గుర్రం మామూలుగానే తింటోందట. బీట్ పల్ప్ వైపు చూడకుండా ‘ఒక బస్తా ఉలవలు తూయి తమ్ముడూ’ అన్నారు. తూచి ఆటోలో వేయించాను.