పారుడు రోగం పోవాలంటే పొద్దున్నే రావాలి

సంపాదకుడికి నమస్కారం.

మేకలకు, గొర్రెలకు వచ్చే పారుడు రోగాన్ని 2030 నాటికి భూమ్మీద లేకుండా చేయాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 2015లో అబిజాన్ నగరంలో సంకల్పం చెప్పుకున్నాయి. డాక్టర్లు పీపీఆర్ అనేది దీన్నే. గడువు ముంచుకొస్తోంది. మా నారాయణవలస సంతలో నిలబడి చూస్తే మాత్రం ఆ కబురు ఇక్కడిదాకా వచ్చినట్టు లేదు.

అదేమీ గొంతెమ్మ కోరిక కాదు. ఒకప్పుడు దొడ్లకు దొడ్లు ఖాళీ చేసిన పశువుల ముసర వ్యాధి అంతరించిందని 2011లో ప్రకటించారు. పారుడు వైరస్ దానికి దగ్గరి చుట్టమే. ఒక్క టీకా పడితే కనీసం మూడేళ్లు భయం లేదు. గాలికుంటులోలా కాకుండా, ఇందులో కోలుకున్న జీవం వైరస్‌ను దాచుకుని తిరగదు.

నాలుగేళ్ల కిందట మా ఊరికి టీకాల వాళ్లు పదకొండు గంటలకు వచ్చారు. అప్పటికి మందలన్నీ మేతకు పోయాయి. మా దొడ్లో మిగిలిన ఒక్క కుంటిమేకకు సూది వేసి, సంతకం పెట్టించుకుని వెళ్లారు. ఆ చలికాలం సంతలో కొన్న పోతుతో రోగం దిగింది. కళ్లు పుసులు కట్టాయి, ముక్కుల్లో చీమిడి ఎండి బిగిసింది, నోరు పూసింది. ఎగబడి తినే రావి రెమ్మను మూతి దగ్గర పెట్టినా తల తిప్పుకునేవి. తర్వాత విరేచనాలు. పంతొమ్మిది పోయాయి. కుంటిమేక ఇప్పటికీ ఉంది.

సంత గేటు దగ్గర అప్పటికప్పుడు సూది వేస్తే సరిపోతుందని కొందరంటారు. సరిపోదు. టీకా పనిచేయడానికి రోజులు పడుతుంది, ఈలోగా ఆ మేక పది ఊళ్లు చేరుతుంది. ఊళ్లోనే వేసి, చెవిపోగు తగిలించి, అది ఉన్న జీవాలనే సంతలోకి రానివ్వాలి. పాతపట్నంలోనూ, అవతల ఒడిశాలోని పర్లాకిమిడిలోనూ ఒకే వారంలో వేయాలి. నాలుగు నెలలు దాటిన పిల్లలను ఏటా వదలకూడదు. కోతలయ్యాక పొలాల్లో మందలు కట్టడానికి పోయే వాళ్ల దగ్గరికి, వాళ్లున్న చోటికే వెళ్లాలి. జాబితాలో ఊరి పేరు ఎదుట టిక్కు పెట్టుకుంటే మంద మొత్తానికి టీకా పడినట్టు కాదు కదా!

ఈసారి మూడు రోజుల ముందు దండోరా వేయించండి. దొడ్డి తడిక తీయకముందే, పొద్దున ఆరింటికి రండి. ఒక్కొక్కదాన్నీ నేనే పట్టి ఇస్తాను.

– ఒక మేకల పెంపకందారు, కోటబొమ్మాళి మండలం, శ్రీకాకుళం జిల్లా