నడవమన్నారు సరే, ఎక్కడ నడవాలి?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ మంత్రి గారికి నమస్కారం.

షుగర్, బీపీల గురించి ఉత్తరమైతే ఆరోగ్య మంత్రి గారికి కదా రాయాలి అని మా ఇంట్లో వాళ్లే అడిగారు. కావాలనే మీకు రాస్తున్నాను.

మా అమ్మకు 58 ఏళ్లు. నాలుగేళ్లుగా షుగర్ ఉంది. డాక్టరు గారు రాసే ప్రతి చీటీలో మాత్రల కింద చివరి లైను ఒకటే ఉంటుంది: రోజూ అరగంట నడవాలి. మాత్రలు మందుల షాపులో దొరుకుతాయి. నడిచే చోటు మా వీధిలో లేదు. మురుగు కాలువ మీద పరిచిన పలకలే మాకు ఫుట్‌పాత్. వాటిలో కొన్ని విరిగాయి, కొన్ని అసలు లేవు. ఉన్నచోట బైకులు, షాపుల మెట్లు, ఒక ట్రాన్స్‌ఫార్మర్. రోడ్డు మీదకి దిగితే వెనక నుంచి హారన్. చీకటి పడితే సగం లైట్లు వెలగవు, కుక్కల భయం. అందుకని అమ్మ మేడ మీదే అటూ ఇటూ తిరుగుతుంది. వేసవిలో రాత్రి ఏడైనా గచ్చు కాలుతూనే ఉంటుంది.

పోయిన ఏడాది ధైర్యం చేసి వీధిలోకి వెళ్లింది. పలక లేని చోట కాలు పడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పాక కూడా భయంతో రెండు నెలలు గడప దాటలేదు. పరగడుపున 130 ఉండే షుగర్ 190కి వెళ్లింది, డోసు పెంచారు. ఒక సిమెంటు పలక లేక పెరిగిన ఆ డోసు ఇప్పటికీ తగ్గలేదు.

నడక మందులాంటిదని మాటవరసకు అనడం లేదండీ. కండరం పనిచేసేటప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకుంటుంది. అమ్మలాంటి వాళ్లలో ఇన్సులినే సరిగా పనిచేయదు కాబట్టి, అన్నం తిన్నాక పావుగంట నడిచినా తేడా కనిపిస్తుంది. ఇక గుండె సంగతి 1953లోనే బయటపడింది. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని జెర్రీ మోరిస్ అనే డాక్టరు చూపించారు.

2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేని పెద్దవాళ్లు 2000లో 22 శాతం ఉంటే 2022కి దాదాపు 50 శాతానికి పెరిగారు. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57. ఈ 57 చూసి బద్ధకం అనేవాళ్లంటే నాకు కోపం వస్తుంది. మా అమ్మ తెల్లవారుజామున ఐదింటికి లేస్తుంది. రోజంతా పనే, కానీ వంటింట్లో నిలబడి చేసే పని. అమ్మమ్మలా బావిలో నీళ్లు తోడే పని, రోట్లో పిండి రుబ్బే పని ఇప్పుడు లేవు. అవి మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. వాటితోపాటు పోయిన శ్రమ ఇంకో రూపంలో రావాలి. జిమ్ముకు డబ్బు కట్టలేని ఆడవాళ్లకు వీధి తప్ప వేరే దారి లేదు.

30 ఏళ్లు దాటినవాళ్లకు ఆరోగ్య సిబ్బంది ఇంటికొచ్చి బీపీ, షుగర్ చూస్తున్నారు. చాలా మంచి పని. వాళ్లు కూడా వెళ్తూ వెళ్తూ నడవమనే చెబుతారు. ఆ మాట అమలు కావడం మీ శాఖ చేతిలో ఉంది.

ప్రతి పట్టణ ఆరోగ్య కేంద్రం చుట్టూ కనీసం ఒక కిలోమీటరు మేర, మధ్యలో తెగిపోని ఫుట్‌పాత్ వేయించండి. తెల్లవారుజామున ఐదింటికీ, రాత్రి తొమ్మిది దాకా అక్కడ లైట్లు వెలగాలి. లేఅవుట్లలో పార్కు కోసం వదిలిన స్థలాల్లో ఎన్ని ఆక్రమణల్లో ఉన్నాయో, ఎన్ని చెత్తకుప్పలయ్యాయో వార్డులవారీగా లెక్క తీసి బోర్డు పెట్టించండి. ప్రభుత్వ స్కూళ్ల గ్రౌండ్లను పొద్దున, సాయంత్రం కొంతసేపు తెరిచేలా విద్యాశాఖతో మాట్లాడండి. ఓపెన్ జిమ్ పరికరాలు తర్వాత కొనొచ్చు, ముందు అక్కడిదాకా నడిచి వెళ్లే దారి కావాలి.

వానలు మొదలైతే కాలువ పొంగి, పలక ఎక్కడుందో గుంత ఎక్కడుందో కనిపించదు. కనీసం ఊడిపోయిన పలకలైనా ఆలోపు వేయించండి.

ఇట్లు,
ఒక షుగర్ పేషెంటు కూతురు