కారు కింది గాలికి దారి చూపినవారికి కృతజ్ఞతలు

నా స్పోర్ట్స్ కారు అడుగుభాగం పని పూర్తయింది. ముందు స్ప్లిటర్ (బంపర్ కింద ముందుకు పొడుచుకువచ్చే పలక) నుంచి వెనుక డిఫ్యూజర్ (వెనక్కి పోయేకొద్దీ పైకి లేచే అడుగుభాగం) చివరి దాకా ఇప్పుడది దాదాపు ఒకే నునుపైన తలం. ట్రాక్‌పై వేగంగా తీసుకునే మలుపుల్లో కారు నేలను అదిమిపట్టి పోతోంది. పొడవైన తిన్నని దారి చివర ముందు చక్రాలు తేలిపోతున్నాయేమో అనిపించే బెదురు పోయింది. ఈ పనిలో నా కష్టమూ ఉంది. కానీ అడిగిందే తడవుగా తెలిసినదంతా విప్పి చెప్పినవారు, పనిముట్లు చేతికిచ్చినవారు, పొద్దుపోయాక కూడా కారు కింద నాతో పాటు పడుకుని టార్చి పట్టుకున్నవారు లేకపోతే ఇది ఇంత బాగా కుదిరేది కాదు. పేర్లు రాయవద్దని వారు చెప్పారు. ఆ మాట మన్నిస్తూ, ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నానో రాస్తున్నాను. వారు నాకిచ్చింది విద్య. దాన్ని నలుగురికీ అందేలా చెప్పడం కన్నా తగిన కృతజ్ఞత నాకు తోచలేదు.

మొదటి నమస్కారం మాస్టారికి. రేసు జట్లలో ఏళ్ల తరబడి ఏరోడైనమిక్స్, అంటే కారు చుట్టూ గాలి పోయే తీరును చక్కదిద్దే పని, చేసి ఇప్పుడు విశ్రాంతిగా ఉన్న పెద్దమనిషి. డిఫ్యూజర్ కోణం ఎంత ఉంటే మంచిదని నేను అడిగాను. కోణం సంగతి తర్వాత చూద్దాం, ముందు కారును లిఫ్టు మీదికి ఎక్కించమన్నారు. కింద నిలబడి ముందు నుంచి వెనక్కి ఒక్కొక్క అడుగే వేశారు. ఇంజిన్ కింది ఖాళీ, గేర్‌బాక్స్, పొగగొట్టం పోయే సొరంగం, ప్రొపెల్లర్ షాఫ్ట్, డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె), ఇంధన ట్యాంకు, చివర సైలెన్సర్ డబ్బా. ప్రతిచోటా ఆగి, "ఇక్కడికి వచ్చిన గాలి ఎటు పోతుంది బాబూ?" అని అడిగారు. పని మొత్తాన్ని నడిపించింది ఆ ఒక్క ప్రశ్నే.

ఆయన చెప్పిన సూత్రాన్ని ఇక్కడ పెడుతున్నాను. కారు అడుగుకూ నేలకూ మధ్య ఉన్న ఇరుకులోకి గాలి దూరినప్పుడు దాని వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. కారు పైభాగాన పీడనం ఎక్కువగా ఉంటుంది కనుక కారు నేలవైపు నొక్కుకుంటుంది. అదే డౌన్‌ఫోర్స్. వెనుక డిఫ్యూజర్ ఆ ఇరుకును క్రమంగా వెడల్పు చేసి, గాలి వేగాన్ని తగ్గించి, కారు వెనుక ఉన్న పీడనంతో దాన్ని కలుపుతుంది. ఆ కలయిక ఎంత సాఫీగా జరిగితే ముందు నుంచి అంత ఎక్కువ గాలిని అడుగు లాక్కుంటుంది. అందుకే పీడనం అన్నిటికన్నా తక్కువగా ఉండే చోటు డిఫ్యూజర్ మొదలయ్యే వంపు దగ్గర ఉంటుంది. ఎగుడుదిగుడు అడుగు వెనుక ఎంత చక్కని డిఫ్యూజర్ బిగించినా లాభం తక్కువ. దాన్ని చేరేసరికే గాలి సుడులు తిరిగి సత్తువ కోల్పోయి ఉంటుంది, పైకి లేచే తలాన్ని అంటిపెట్టుకుని ప్రవహించలేదు. కోణం అతిగా పెంచినా అదే గతి, గాలి తలాన్ని విడిచిపెట్టేస్తుంది. నా కారులాంటి వాటికి 7 నుంచి 10 డిగ్రీల మధ్య మొదలుపెట్టి, కొలిచి చూసుకుంటూ మార్చుకోమన్నారు.

చరిత్ర కూడా ఆయనే చెప్పారు. 1977లో వచ్చిన లోటస్ 78, మరుసటి ఏడాది వచ్చిన లోటస్ 79 ఫార్ములా వన్‌లో ఈ విద్యను అందరి కళ్లకూ కట్టాయి. వాటిని నడిపి 1978లో మారియో ఆండ్రెట్టి ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. ఆ కార్ల పక్కల నేలకు ఆనే స్కర్టులు ఉండేవి. అడుగున పీడనం తగ్గగానే పక్కల నుంచి గాలి లోపలికి చొరబడుతుంది, దాన్ని ఆపడానికే ఆ స్కర్టులు. 1983 నుంచి ఫార్ములా వన్ కార్ల అడుగు చదునుగా ఉండాలన్న నియమం వచ్చింది. మళ్లీ 2022లో అడుగున సొరంగాలకు అనుమతి ఇచ్చారు. ఆ ఏడాది తిన్నని దారుల్లో కార్లు పైకీ కిందికీ ఎగిరెగిరి పడటం చాలామంది చూసే ఉంటారు. నేల నుంచి ఎత్తు కాస్త మారితే అడుగు లాగే బలం ఎంత మారుతుందో దాన్ని బట్టే తెలుస్తుంది. ఇదంతా విన్నాక నా కారు తలుపుల కింది అంచులను చూసే నా చూపే మారిపోయింది. ఇప్పుడు అక్కడ బిరుసు రబ్బరు పట్టీలున్నాయి. నేలకు తగిలితే వంగుతాయి, విరగవు.

అక్కా, ఇక మీ గురించి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా విలువైనది మీ చేతి సంచిలోంచి వచ్చింది: పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ గొట్టం, ఎర్ర రంగు కలిపిన నీళ్లు, ఒక స్కేలు, ఒక థర్మాస్ ఫ్లాస్కు. ప్రయోగశాలలో పనిచేసేవారు కనుక మీకు ఇది మామూలు సంగతి. నాకు మాత్రం కంటికి కనిపించని గాలి ఆ రోజే కనిపించింది.

పీడనం కొలవడానికి గొట్టాన్ని U ఆకారంలో ఒక చెక్కకు బిగించి, సగం దాకా రంగునీళ్లు పోశాం. ఒక కొసను అడుగు రేకుకు వేసిన చిన్న రంధ్రానికి కలిపాం. రంధ్రం అంచు ఏమాత్రం లేచి ఉన్నా రీడింగు తప్పుతుందని మీరు వేలితో తడిమి, మళ్లీ మళ్లీ ఆకురాయి పట్టించారు. పోల్చి చూడటానికి మారని పీడనం కావాలి కనుక రెండో కొసను ఫ్లాస్కులోకి పెట్టి మూత బిగించాం. మామూలు సీసా ఎందుకు పనికిరాదో మీరు చెప్పిన తీరు మరిచిపోలేను. మూసి ఉన్న గాలి ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాని పీడనం సుమారు 340 పాస్కల్‌లు పెరుగుతుంది, అంటే దాదాపు 35 మిల్లీమీటర్ల నీటి ఎత్తు. మనం వెతుకుతున్న తేడా కూడా అంతే ఉంటుంది! దారి 10 మీటర్లు ఎత్తెక్కినా సుమారు 12 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అందుకే సమతలంగా ఉన్న తిన్నని దారిలో, నిలకడైన వేగంలో, ప్రతిసారీ బయలుదేరే ముందు ఫ్లాస్కు మూత తీసి పెట్టి కొలవమన్నారు. కారు వేగం పుంజుకునేటప్పుడు నీళ్లు ఊగి మోసం చేయకుండా గొట్టం రెండు కాళ్లనూ కారు వెడల్పు దిశలో ఉంచమన్నారు.

మీరు పక్క సీట్లో చెక్కను ఒళ్లో పెట్టుకుని అంకెలు చదువుతుంటే నేను నడిపాను. రేకులు బిగించక ముందు గేర్‌బాక్స్ వెనుక నీళ్లు దాదాపు కదలలేదు. బిగించాక అదే చోట, అదే వేగంలో, అడుగుకు కలిపిన కాలులో ఎర్ర నీళ్లు నిదానంగా పైకి పాకి అక్కడే నిలిచాయి. డిఫ్యూజర్ వంపు దగ్గర అన్నిటికన్నా ఎక్కువ ఎత్తుకు ఎక్కాయి, మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. అప్పుడు మీరు నోటితోనే లెక్క కట్టారు: 4 చదరపు మీటర్ల అడుగున సగటున 25 మిల్లీమీటర్ల నీటి ఎత్తు మేరకు పీడనం తగ్గితే, కారు మీద సుమారు 100 కిలోల బరువు పెట్టినట్టే. ఆ బరువును మలుపులో పక్కకు లాగనక్కరలేదు, బ్రేకు వేసినప్పుడు ఆపనక్కరలేదు. ఇంత తక్కువ మూల్యానికి ఇంత పట్టు మరో మార్గంలో దొరకదని నా గట్టి అభిప్రాయం. కారు వెనుక పైన రెక్క బిగించినా డౌన్‌ఫోర్స్ వస్తుంది. కానీ దానితో పాటు డ్రాగ్, అంటే కారును వెనక్కి లాగే గాలి నిరోధం, కూడా పెరుగుతుంది. అడుగును నునుపు చేస్తే చాలాసార్లు డ్రాగ్ తగ్గుతుంది కూడా.

చిన్న కెమెరా ఇచ్చి, గాలి పోయే తీరు కనిపించేలా డిఫ్యూజర్ నిండా ఉన్ని పోగులు ఓపిగ్గా అంటించిన తమ్ముడికి ప్రత్యేక ధన్యవాదాలు. వీడియోలో నడుమనున్న పోగులు వెనక్కి తిన్నగా పడుకుని ఉన్నాయి. వెనుక టైర్లకు దగ్గరగా ఉన్నవి గిలగిలలాడుతున్నాయి. తిరిగే టైరు నేలను తాకేచోట నలిగిన గాలి పక్కకు చిమ్మి డిఫ్యూజర్‌లోకి దూరుతోందన్నమాట. టైరుకు లోపలివైపున నిలువుగా ఒక రేకు నిలబెట్టాక ఆ పోగులు కూడా చాలావరకు కుదురుకున్నాయి.

బాబాయి లేకపోతే ఇదంతా కాగితం మీదే ఉండిపోయేది. చేతి నిండా షీట్ మెటల్ పనులున్నా నా కారు కోసం సాయంత్రాలు కేటాయించారు. రెండు పలుచని అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్ ఉండే పలకలు తేలికైనవి, కోయడం సులువు. కానీ పొగగొట్టం వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. అక్కడ ఆయన వట్టి అల్యూమినియం రేకు వేసి, మధ్య గాలి ఆడేంత ఎడం వదిలారు. ఒక పలక వెనుక అంచు తర్వాతి పలక ముందు అంచుకు కిందుగా వచ్చేలా, ఇంటికప్పు పెంకుల వరసలా పేర్చారు. ఎదురుగా వచ్చే గాలికి ఏ అంచూ నోరు తెరవకూడదన్నది ఆయన పట్టుదల. గాలి ఈ పలకలను కిందికి గుంజుతుంది కనుక, బిగింపులు దూరదూరంగా ఉంటే నడుమ బొజ్జలా ఉబ్బుతాయని దగ్గర దగ్గరగా వేశారు. అన్నీ పావు మలుపుతో ఊడివచ్చే బిగింపులే. ఆయిలు మార్చడానికి చిన్న తలుపు, జాకీ పెట్టే చోట్ల ఖాళీ, కారిన ఆయిలో ఇంధనమో లోపల మడుగు కట్టకుండా రంధ్రాలు పెట్టారు. ఈ చివరిదాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దని నా విన్నపం. వేడి పొగగొట్టం పక్కన ఆయిలు నిలిస్తే నిప్పు రాజుకుంటుంది. స్ప్లిటర్ ఊచలను బంపర్‌కు కాకుండా నేరుగా చాసిస్‌కు (కారు చట్రానికి) బిగించి, దాని మీద తానే ఎక్కి నిలబడి, "మనిషిని మోయలేనిది గాలిని మోస్తుందా?" అన్నారు.

ఇంజిన్ కింద మూసేశాక రేడియేటర్ గాలి ఎటు పోవాలి? మళ్లీ మాస్టారి ప్రశ్నే. అక్క గొట్టంతోనే బానెట్ మీద కూడా కొలిచాం. ముందు వంపు దాటిన వెంటనే పీడనం తక్కువ. అద్దం మొదట్లో ఎక్కువ, అక్కడ కంత పెడితే గాలి బయటికి రావడానికి బదులు లోపలికి పోతుంది. ముందుభాగంలో వేసిన కంతల గుండా ఇప్పుడు వేడి గాలి పైకి పోతోంది. డిఫరెన్షియల్ చల్లబడటానికి అడుగు పలకలోనే ఒక చిన్న నాకా డక్ట్ (తలం నుంచి బయటికి పొడుచుకురాకుండా గాలిని లోపలికి తీసుకునే పల్లపు దారి) పెట్టాం.

డ్రైవింగ్ నేర్పే అన్నయ్యకు నా ప్రాణం విషయంలోనే రుణపడి ఉన్నాను. ముందు స్ప్లిటర్, పలకలు సిద్ధమైన రోజున ట్రాక్ ఎక్కాలని నా మనసు తొందరపడుతోంది. ఆయన ఒప్పుకోలేదు. ముందు మాత్రమే పట్టు పెరిగితే వేగవంతమైన మలుపులో వెనుక భాగం తేలికై జారుతుంది. అది నిదానంగా పోయేటప్పుడు తెలియదు కూడా. డౌన్‌ఫోర్స్ వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, 80 కిలోమీటర్ల వేగంలో ఉన్నదానికి 160లో నాలుగింతలు ఉంటుంది. వెనుక డిఫ్యూజర్, రెక్క రెండూ బిగించే దాకా ఆగమని, తర్వాత వేగం మెట్టుమెట్టుగా పెంచుతూ తానే ముందు నడిపి చూశారు. రెక్క కింది తక్కువ పీడనం డిఫ్యూజర్ గాలిని లాగడానికి తోడ్పడుతుందని కూడా చెప్పారు. బ్రేకు వేసినప్పుడు ముక్కు మరీ కిందికి దిగకుండా స్ప్రింగులు కాస్త గట్టివి వేయించింది ఆయనే. ఇరుకు మలుపుల్లో ఈ పని వల్ల ఏ తేడా లేదని ఆయన ఉన్నదున్నట్టు చెప్పారు. అక్కడ టైర్లు, సస్పెన్షన్ చూసుకోవలసిందే.

ట్రాక్‌లోకి వదిలే ముందు ప్రతి బిగింపునూ లాగి చూసి పంపిన తనిఖీ సిబ్బందికీ నా ధన్యవాదాలు.

పలకల అట్ట నమూనాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఇదే మోడల్ కారు ఉన్నవారు ఎవరైనా అడగండి, కొలతలతో సహా ఇస్తాను. వేరే కారు అయినా సరే, కొలిచే పద్ధతి చూపించమంటే వచ్చి చూపిస్తాను. ఫ్లాస్కు, గొట్టం అక్కకు తిరిగి ఇవ్వబోతే మీ దగ్గరే ఉంచండి, తర్వాతివారికి ఇవ్వండి అన్నారు. కావలసినవారు చెప్పండి.