లంక లింకు ఎందుకు పడిపోతోందంటే

గోదావరి గౌతమి పాయ అవతల లంకల్లో మన నెట్ వాడుతున్నవాళ్ళందరికీ నమస్తే అండి. నెల్రోజుల్నుంచి వాన పడినా, గాలి గట్టిగా తోలినా లింకు పోతోంది, మీరు ఫోన్ చేస్తే "చూస్తున్నామండి" అనడం తప్ప నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది.

ఈ టవర్ నుంచి ఆ టవర్‌కి గాల్లోంచి నెట్ పంపే డిష్‌లు అమ్మిన కంపెనీవాళ్ళు మొదట్లో కంప్యూటర్‌లో లెక్క కట్టి రిపోర్టిచ్చారు. లాంగ్లీ–రైస్ అని 1960ల్లో అమెరికాలో కట్టిన లెక్క అది, ఎత్తుపల్లాల మీద సిగ్నల్ ఎంత పడిపోద్దో చెప్తుంది. లెక్క మంచిదే. కానీ దానికి పెట్టిన నేల మ్యాపు 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే స్పేస్ షటిల్ అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచింది. మన డెల్టాలో కొండా లేదు గుట్టా లేదు, లైన్ క్లియర్ అని వచ్చేసింది. నేనూ నమ్మేశా, అది నా తప్పే.

ఇప్పుడడిగితే "వాన వల్లండి" అంటారు, మూడుసార్లు అదే మాట. పన్నెండేళ్ళుగా టవర్లెక్కుతున్నోడికి చెప్పే మాటేనా అది? మన లింకు నడిచే 5.8 గిగాహెర్ట్జ్‌లో ఎనిమిది కిలోమీటర్లకి వాన తినేది చాలా కొంచెం. పైగా వాన ఆగిన గంటకి కూడా సిగ్నల్ లేవట్లేదు. మొన్నాదివారం వాన వెలవగానే నేనే టవరెక్కి బైనాక్యులర్‌తో చూశా. సరిగ్గా దారి మధ్యలో కొబ్బరితోట. తడిసిన మట్టలు ఊగుతుంటే కిందనుంచి మా కుర్రాడు లాప్‌టాప్ చూసి అరుస్తున్నాడు, మైనస్ 61, మైనస్ 78, మళ్ళీ మైనస్ 64 అని. మైనస్ ఎంత పెరిగితే సిగ్నల్ అంత పడిపోయినట్టు.

తోట రైతుగారిని కలిశా. 96 తుపానులో తోటంతా పడిపోతే మరుసటేడు మళ్ళీ వేసిన చెట్లంట అవి. షటిల్ కొలిచేనాటికి మూడేళ్ళు కూడా లేని మొక్కలు, ఇప్పుడు ఇరవై మీటర్లు. ఈ డిష్‌కి ఆ డిష్ కనపడితే చాలదండి, రెండు డిష్‌లనీ కలిపే గీత కింద దారి మధ్యలో ఆరు మీటర్లన్నా ఖాళీ ఉండాలి. మనకున్నది నాలుగు, భూమి వంపు తీసేస్తే మూడే.

ఏడు చెట్లు కొట్టేస్తే లింకు బాగైపోద్ది, ఖర్చు కూడా తక్కువ. ఆయన ఒప్పుకున్నారు కూడా, కానీ ఒప్పుకుంటూ పక్కనున్న చెట్టు మీద చెయ్యేసి అలాగే నిలబడిపోయారు. మూడు రాత్రులు నిద్ర లేదండి నాకు. కొట్టించను. ఎవరేమనుకున్నా సరే, ఒకసారి తుపానుకి మొత్తం పోగొట్టుకున్న మనిషి తోటలో నా నెట్ కోసం గొడ్డలి పెట్టించను.

రెండు వైపులా టవర్లే ఇరవైనాలుగు నుంచి ముప్ఫై మీటర్లకి లేపుతున్నా. లెక్క ప్రకారం మూడు మీటర్లు లేపినా సరిగ్గా సరిపోద్ది, కానీ చెట్లు ఇంకా పెరుగుతాయిగా. ఖర్చంతా నాదే, ఆ కంపెనీని ఒక్క రూపాయి కూడా అడగను.

ఈ నెల బిల్లు కట్టొద్దు. వచ్చే శని, ఆదివారాలు పొద్దుటనుంచి సాయంత్రం దాకా లింకు ఉండదు, పిల్లలకి ఆన్‌లైన్ పరీక్షలుంటే ముందే చెప్పండి, ముమ్మిడివరం ఆఫీసులో కూర్చోబెట్టి రాయిస్తాం.