జూలైలో రిపేరు చేసిన హైడ్రాలిక్ సిలిండర్ల గురించి

మన ఆటోనగర్ షాపుకు బండ్లు పంపే ఓనర్లకు, డ్రైవర్ అన్నలకు నమస్కారం.

జూలైలో మేం సీల్ కిట్లు (నూనె బయటికి కారకుండా ఆపే రింగులు) మార్చి ఇచ్చిన సిలిండర్లలో నాలుగు పదిహేను రోజుల్లోపే తిరిగొచ్చాయి. నాలుగింటిదీ ఒకటే జబ్బు. గ్లాండ్ దగ్గర, అంటే రాడ్ బయటికొచ్చే చోట ఉండే మూత దగ్గర, రాడ్ వెంట నూనె కారుతోంది. సీళ్లే నాసిరకం వచ్చాయేమో అనుకున్నాను మొదట. ఒక జేసీబీ బకెట్ సిలిండర్ నేనే విప్పి, రాడ్ సీల్‌ని వెలుతురులో పెట్టి వేళ్లతో తిప్పుతూ చూశాను. అంచు మీద గోటితో గిల్లినంత కోత. మిగతా మూడూ విప్పితే వాటిలోనూ అదే కోత. సీల్‌ది కాదు, తప్పు మాదే. రాడ్ చివర ఉండే మరల (త్రెడ్) మీద టేపు చుట్టకుండా గ్లాండ్‌ని తోసేశాం. మర అంచు సీల్‌ని కోసేసింది. షాపులో ప్రెషర్ పెట్టి చూసినప్పుడు నూనె చల్లగా, చిక్కగా ఉంటుంది కాబట్టి బయటపడలేదు. ఎండలో నాలుగు గంటలు పనిచేసి నూనె పలచబడేసరికి కారడం మొదలైంది.

ఇందులో కుర్రాళ్లను అనేదేం లేదు. పనయ్యాక చూడాల్సింది నేను. ఆ నెల పని ఎక్కువై, చూడకుండానే పంపేశాను.

షాపు పెట్టకముందు నేను నేవీలో హెలికాప్టర్ల మీద పనిచేశానని మీలో చాలామందికి తెలుసు. విశాఖలో నేవీ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో యూహెచ్-3హెచ్ సీకింగ్ హెలికాప్టర్లు ఉండేవి. 2024 జూన్‌లో వాటికి వీడ్కోలు చెప్పారు. దాని రోటర్ ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు 19 మీటర్లు. అంతటిది ఓడలో ఇమడాలంటే రెక్కలు తోకవైపు మడవాలి, తోకను కూడా పక్కకు మడవాలి. అప్పుడు ఐదు మీటర్ల వెడల్పులో సర్దుకుంటుంది.

రెక్కల మడత కూడా హైడ్రాలిక్ పనే. ప్రెషర్ ముందు లాక్ పిన్‌ను లాగాలి, ఆ తర్వాతే రెక్క కీలు మీద తిరగాలి. ఒక పని పూర్తయిందని స్విచ్ చెబితేగాని రెండోది మొదలవదు. అసలు టెన్షన్ రెక్కలు విప్పేటప్పుడు. పిన్ పూర్తిగా కూర్చోకుండా గాల్లోకి లేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే కాక్‌పిట్‌లో లైటు సరిగ్గానే చూపించినా, మనిషి వెళ్లి పిన్నులు కంటితో చూసి రావాలి. పని చేసేది ఒకరు, చూసి సంతకం పెట్టేది ఇంకొకరు. ఎంత సీనియర్ అయినా తన చేతిపనికి తానే సంతకం పెట్టుకోవడం కుదరదు. ఆ పద్ధతిలో అన్నేళ్లు పనిచేసి, సొంత షాపులో దాన్ని వదిలేశాను. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

ఇకపై ప్రతి సిలిండర్‌కూ ఒక కార్డు, దాని మీద రెండు సంతకాలు ఉంటాయి. నూనె వేడి చేసి, అరగంట ప్రెషర్ నిలబెట్టి చూశాకే ఇస్తాం. పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకెళ్లడం ఇక కుదరదు, ఒక రోజు ఎక్కువ పడుతుంది. బండి ఆగితే రోజుకు మీకెంత పోతుందో నాకు తెలుసు. కానీ తొట్టి పైకి లేచి ఉన్న టిప్పర్ పక్కన మనిషి నిలబడి ఉంటాడు. రేటు మాత్రం పెంచడం లేదు.

బందరు, నిజాంపట్నం వైపు తిరిగే బండ్ల వాళ్లకు ఇంకో మాట. ఉప్పుగాలి రాడ్ మీది క్రోమ్‌ను తినేస్తుంది. గుంటపడిన రాడ్‌కు ఎన్ని కొత్త సీళ్లు వేసినా నిలవవు. సముద్రం మీద తిరిగొచ్చిన హెలికాప్టర్‌ను మంచినీళ్లతో కడిగి, తుడిచి, కీళ్లకు గ్రీజు పెట్టందే మేం భోజనానికి వెళ్లేవాళ్లం కాదు. మీరు అంత చేయక్కర్లేదు. సాయంత్రం రాడ్ మీద మంచినీళ్లు కొట్టి, తుడిచి, వీలైనంత లోపలికి దించి బండి పెట్టండి.

జూలైలో మా దగ్గర సీళ్లు మార్చిన సిలిండర్ ఏదైనా సరే, కారకపోయినా తీసుకురండి. విప్పి చూసి, కోత ఉంటే కొత్త సీల్ వేసి ఇస్తాం. సీల్‌కు గానీ, కూలికి గానీ డబ్బులు తీసుకోం. బిల్లు పోయినా ఫర్వాలేదు, గ్లాండ్ మీద మేం పంచ్ చేసిన నంబరు చాలు.